గోడ పక్కన సంచారి

ఏప్రిల్ 6, సోమవారం

ఈ రోజు నుంచి నేను సంచారిని.

రాసుకుంటుంటే నవ్వొస్తోంది. మా పత్రికలో ప్రతి వేసవికీ ఆదివారం పేజీలో వచ్చే కాలమ్ అది. ఊళ్లో ఎవరికీ పెద్దగా తెలియని పార్కులు, కాలిబాటలు, నది ఒడ్డున కాసేపు కూర్చోదగ్గ చోట్లు. ఏళ్ల తరబడి రాస్తున్న పెద్దాయన మోకాళ్లు అరిగిపోయి మానేశారు. ఆ సంగతి పాఠకులకు తెలియకూడదట. పేరు అదే ఉంటుంది. పక్కన టోపీ పెట్టుకున్న మీసాల మనిషి బొమ్మా అదే ఉంటుంది. ఇన్‌చార్జ్ సర్ నన్ను పిలిచి, ఈ డెస్క్‌లో తప్పుల్లేకుండా రాసేది నువ్వొక్కదానివే, రాసెయ్ అన్నారు. ఎక్కడెక్కడికి వెళ్లాలి సర్ అని అడిగాను. ఎక్కడికీ వద్దు, నిన్ను పంపితే ప్రూఫులు ఎవరు చూస్తారు, కంప్యూటర్లో మ్యాప్ ఉంది, ఫొటోగ్రాఫర్ ఫొటోలు తెస్తాడు, చాలదా అన్నారు.

చాలు అన్నాను. నేనెప్పుడూ చాలు అనే అంటాను.

ఏప్రిల్ 8

ఇంట్లో చెప్పలేదు. చెబితే నాన్న అడిగే మొదటి మాట నాకు తెలుసు. అంటే బయట తిరగాలా?

నాన్న కళ్లజోళ్ల షాపు తెరవడానికి వెళుతూ నన్ను స్కూటర్ మీద ఆఫీసు గేటు దగ్గర దింపుతాడు. నేను మెట్లెక్కి, పై అంతస్తు కిటికీలోంచి చెయ్యి ఊపేదాకా కదలడు. సాయంత్రం మళ్లీ అదే గేటు, అదే స్కూటర్. ఈ ఊరు నాకు నాన్న భుజం పక్కనుంచి కనిపించినంత మేరకే తెలుసు. ఎడమ భుజం వైపు ఊరు బాగా తెలుసు. కుడివైపు అంతగా తెలియదు.

ఇదంతా అక్క వల్ల. నాలుగేళ్ల క్రితం పార్కుకి వెళ్లొస్తానని చెప్పి వెళ్లింది. మర్నాడు ఫోన్ చేసి, పెళ్లి చేసుకున్నానని చెప్పింది. ఎక్కడుందో చెప్పలేదు. అప్పట్నుంచి మా ఇంట్లో పార్కు అన్నది పలకకూడని మాట.

ఏప్రిల్ 12, ఆదివారం

నాన్న టీ తాగుతూ కాలమ్ పైకి చదివాడు. ప్రతి వారం అలాగే చదువుతాడు. పలకకూడని మాట పేపర్లో ఉంటే పరవాలేదు కాబోలు. ఈ ఏడు సంచారి చెయ్యి తిరిగింది, మాట తగ్గించి రాస్తున్నాడు అన్నాడు. మీకు సొంత తమ్ముడి మీద కూడా ఇంత ప్రేమ లేదు అని అమ్మ దెప్పింది.

నేను బ్రెడ్డు ముక్క అంచులు తుంచుతూ కూర్చున్నాను. చెవులు కాలిపోయాయి.

ఏప్రిల్ 16

పని అలవాటైంది. స్క్రీన్ మీద ఊరిని పైనుంచి చూస్తాను. చెట్లు ఆకుపచ్చ నురగలా ఉంటాయి. మనుషులు ఉండరు. ఎక్కడైనా నురగ మధ్య సన్నటి గీత కనిపిస్తే అది కాలిబాట. దాని మీద వేలు పెట్టి నడుస్తాను.

ఫొటోగ్రాఫర్ ఈ రోజు నా పేజీ చదివి, సంచారిగారు పార్కు మధ్యలోకి రారా అని అడిగాడు. అర్థం కాలేదు. అతనే చూపించాడు. 'గేటు దాటగానే ఎడమకి తిరిగి గోడ వెంబడే వెళ్లండి.' పోయిన వారం కూడా అదే వాక్యం. అతని ప్రకారం ఆ పార్కు మధ్యలో చక్కటి పచ్చిక ఉంది, పిల్లలు దొర్లుతున్నారు.

నాకు తట్టనేలేదు. కాన్వెంట్‌లో పన్నెండేళ్లు ఒకే వరసలో, ఎడమచెయ్యి గోడకి ఆనించి నడిచాం. ప్రార్థనకైనా, అన్నానికైనా, ఇంటికైనా. చెయ్యి తీస్తే సిస్టర్ చిటికె వేసేవారు. ఇంట్లో కూడా వసారాలో అలాగే నడుస్తాను. నా వేళ్లు తగిలి గోడకి నల్లటి చార పడింది. రంగు వేయించే ప్రతిసారీ అమ్మ ఆ చార చూపించి, ఇది మా చిన్నది నడిచే రోడ్డు అంటుంది.

ఏప్రిల్ 19

గోడ లేని పార్కు ఒకటి దొరికింది. దాని గురించి రాయలేకపోయాను.

ఏప్రిల్ 26, ఆదివారం

నది గురించి రాశాను. ఊరి చివర నీళ్ల పంపుహౌస్ వెనక. ఇంతవరకు రాసినవాటిలో ఇదే బాగా వచ్చింది. పంపుహౌస్ గోడ వెంబడి చివరిదాకా వెళితే రాతిమెట్లు, మెట్ల కింద నీళ్లు, వాటిలో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు అని రాశాను. మ్యాప్‌లో మెట్లు స్పష్టంగా ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, వరసగా.

నాన్న చదివి పేపరు మడిచాడు. వచ్చే ఆదివారం మనం ముగ్గురం వెళదాం అన్నాడు.

అమ్మ గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మే 3, ఆదివారం

మెట్లు లేవు.

ఆటో పంపుహౌస్ దగ్గర దింపింది. నాన్న పేపరు ముక్క చేత్తో పట్టుకుని ముందు నడిచాడు. గోడ చాలా పొడుగు. చివర సిమెంటు పైపులు వరసగా పడేసి ఉన్నాయి. నేను మ్యాప్‌లో చూసిన మెట్లు వాటి నీడలు.

ఇంకో జంట కూడా పేపరు పట్టుకుని వచ్చారు. ఆవిడ సంచారిని నోటికొచ్చినట్టు తిట్టింది. ఎండలో పసిబిడ్డనేసుకొచ్చాం, కనిపిస్తే ఆ టోపీ పీకేద్దును అంది. నాన్న ఆయన తరపున వాదించాడు. పెద్దవాడు, పొరబడి ఉంటాడు, వేరే వైపు మెట్లుంటాయేమో అని అటూ ఇటూ వెతికాడు కూడా. చొక్కా తడిసిపోయింది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

తర్వాత నాన్న పేపరు మళ్లీ చదివాడు. తలెత్తి నన్ను చూశాడు. నా మొహం కాదు, నా చెయ్యి. ఎడమచెయ్యి గోడ మీద ఉంది. ఆటో దిగినప్పట్నుంచీ అక్కడే ఉంది.

"మైదానం మధ్యలోంచి వెళితే నది అదిగో, అక్కడే ఉంది కదమ్మా. గోడ పట్టించి ఎందుకు తిప్పాడంటావు ఇతను?"

చెయ్యి తీసేశాను. అప్పటికే ఆలస్యమైంది.

నది నిజంగానే అక్కడే ఉంది. గడ్డి, దాని వెనక మెరుపు. అడుగు ముందుకి వేశాను. నాన్న, ఎండ ముదిరింది పదండి అన్నాడు.

మే 4

కిటికీలోంచి చెయ్యి ఊపాను. నాన్న తిరిగి ఊపాడు. ఎప్పుడూ ఊపడు.

మే 6

కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే ఏం చెప్పాలో మనసులో వరసగా పెట్టుకున్నాను. నాకు ఇరవై మూడేళ్లు, అక్క వేరు నేను వేరు, ఒక్క ఆదివారం నన్ను ఒంటరిగా వెళ్లనివ్వు.

కోప్పడలేదు. భోజనం దగ్గర అమ్మకి గర్వంగా చెప్పాడు, సంచారి మన ఇంట్లోనే ఉన్నాడని. అమ్మ ఆశ్చర్యపోలేదు. గోడ గోడ అని రాస్తుంటే నాకు మొదటి వారమే తెలిసింది, పైకి చదివేవాళ్లకి వినపడదేమో అంది. నాన్న నవ్వి నా తల మీద చెయ్యి పెట్టాడు.

"ఇంట్లో కూర్చునే ఇంత చూశావు. ఇంక వెళ్లి చూసేదేముందమ్మా?"

తిట్టుకి జవాబు సిద్ధం చేసుకున్నాను. మెచ్చుకోలుకి చేసుకోలేదు.

మే 13

నాన్న టోపీ కొన్నాడు.

ఇప్పుడు నాన్నే వెళుతున్నాడు, నా తరపున. షాపు కుర్రాడికి అప్పగించి రోజుకో చోటు చూసి వస్తున్నాడు. ఎక్కడ నీడ ఉంది, ఏ కుళాయి పనిచేస్తోంది, ఏ బెంచీకి కాలు విరిగింది, అన్నీ చెబుతాడు. నేను రాస్తాను. మొహం కమిలిపోయింది, కానీ పదేళ్లు తగ్గాడు. ఈ వయసులో మీకు రెక్కలొచ్చాయి, ఎవరివి పీకి అతికించుకున్నారో చూసుకోండి అని అమ్మ అంది. నాన్న అది హాస్యమనుకున్నాడు.

అంతటితో ఆగలేదు. ఇన్‌చార్జ్ సర్‌కి ఫోన్ చేసి మాట్లాడాడు. ఎండలు తగ్గేదాకా నేను ఇంటినుంచే పని చేయవచ్చట. పాపం, మీ నాన్నగారు ఎంత మంచివారు అని సర్ నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు.

స్కూటర్ పోయింది. కిటికీ పోయింది. ఎడమ భుజం వైపు ఊరు కూడా పోయింది.

మే 15

వసారా. ఇటు చివర్నుంచి అటు చివరికి.

మే 18

నిన్న నాన్న ఆలస్యంగా వచ్చాడు. కుళాయిల సంగతి చెప్పలేదు. అడిగితే చెప్పాడు. ఒక పార్కులో అక్కలాగే నడిచే అమ్మాయి కనిపించిందట, వెనకనుంచి. గేటుదాకా వెంట వెళ్లాడట. కాదట.

అయితే ఇందుకన్నమాట, అక్క ఏ పార్కులోనైనా కనిపిస్తుందేమోనని, ఇన్నేళ్లూ నాన్న కాలమ్ పైకి చదివింది.

టోపీ ఒళ్లో పెట్టుకుని అంచు తిప్పుతూ కూర్చున్నాడు. జాలేసింది. ఆ జాలి వల్లే ఏ మాటా అడగలేకపోతున్నాను. నాన్న చెడ్డవాడైతే ఎంత బావుండేది.

మే 21

నది ఎగువన, ఊరికి ఆ చివర, మ్యాప్‌లో పాత ఆనకట్ట లాంటిది కనిపించింది. రెండు బస్సులు మారాలి. పొద్దున వెళితే సాయంత్రానికి గానీ రాలేరు. అక్కడ నిజంగా ఏముందో తెలియదు. నీడలే కావచ్చు.

నాన్నకి చూపించాను. చాలా బావుండేలా ఉంది, నువ్వు చూసొస్తే రాస్తాను అన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. ఇంత సులువుగా అబద్ధం చెప్పగలనని నాకు తెలియదు.

మే 24, ఆదివారం, పొద్దున

నాన్న టోపీ పెట్టుకుని వెళ్లాడు. సందు మలుపులో వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఊపాను.

లోపలికొచ్చి జడ వేసుకుంటుంటే అమ్మ గుమ్మంలో నిలబడింది. ఎక్కడికని అడగలేదు. తన చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది.

"నీవి జారతాయి. ఇవి వేసుకెళ్లు."

మే 24, సాయంత్రం

పంపుహౌస్ దగ్గర గోడ వదిలేశాను. మైదానం మధ్యకి వచ్చాక ఆగిపోయాను. చుట్టూ ఏమీ లేదు. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాను.

అమ్మ చెప్పులు తడిశాయి. లోపల దాచలేదు. గుమ్మం ముందే ఆరబెట్టాను.

నాన్న వచ్చే వేళయింది.