అమ్మ గట్టి గొంతు

నాందేడ్, మంగళవారం రాత్రి

ఇవాళ భోకర్ నుంచి అక్క వచ్చింది. నాన్న పోవడం మీద నేను రాసిన కథ చదివి వినిపించాను. మొదట అందులో రెండు పేజీల ఏడుపు ఉండేది. ఈ మధ్య రోజూ దుకాణం తెరిచే ముందు ఒక కవిత చదువుతున్నాను. నన్ను పట్టుకున్న కవితలేవీ దుఃఖం అన్న మాటే ఎత్తవు. ఒక్క సంగతి చెప్పి పక్కకు తప్పుకుంటాయి. అందుకే ఆ పేజీలు కొట్టేసి రెండు వాక్యాలే ఉంచాను: "నాన్నకు చెవుడు. ఆయన పోయాక కూడా అమ్మ ఇంట్లో గట్టిగానే మాట్లాడుతోంది."

అక్కకు నచ్చలేదు. "గంతగనం ఏడ్చినం గదనే. గదంత ఏడ వోయింది?" అంది. కవిత్వం మోజులో మా ఏడుపును నేనే మింగేశానా అనిపించింది.

అంతలో వంటింట్లోంచి అమ్మ వీధికి వినపడేలా పిలిచింది. "అన్నం సల్లారుతుంది, లేసి రాండ్రి."

మేము పక్క గదిలోనే ఉన్నాం. అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కథ పత్రికకు పంపాలనే ఉంది. అమ్మది మరాఠీ బడి, తెలుగు చదవలేదు. కానీ అచ్చయితే నాతోనే చదివించుకుని వింటుంది. విన్న మర్నాటి నుంచి మెల్లగా మాట్లాడటం మొదలుపెడితే?