పళ్ళు చూసి చెప్పే వయసు

తాతా,

ఈరోజు నువ్వుండి ఉంటే ఉదయగిరి అంతా చాటేవాడివి. అవ్వకు గర్భసంచి కేన్సర్ ఆపరేషన్ జరిగి ఏడాదైంది. పరీక్షలన్నీ బాగున్నాయని నెల్లూరులో డాక్టరమ్మ చెప్పింది.

ముట్లు ఆగిపోయిన ఇన్నేళ్ళకు మళ్ళీ రక్తం కనబడగానే అవ్వ దాచుకోకుండా నాకు చెప్పింది. అందుకే జబ్బు మొదట్లోనే దొరికింది. "ఈ వయసులో కోతలెందుకు?" అని ఆసుపత్రిలో చిన్నాయన గొణిగాడు. డాక్టరమ్మ వయసెంతని అడిగింది. అవ్వకేం తెలుసు? సంతలో నువ్వు గొర్రెల పళ్ళు చూసి వయసు చెప్పినట్టు, చూసుకోమని నోరు తెరిచింది.

"పండ్లన్నీ గట్టిగా ఉండాయి, చూడుమ్మా!"

డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. "వయసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరిగే మాట నిజమే. కానీ వయసొక్కటే చూసి ఆపరేషన్ ఆపం. మనిషి తట్టుకుంటుందా అని చూస్తాం" అంది.

ఇవాళ తిరిగొస్తూ అవ్వ ఆత్మకూరులో దిగి, బేరమాడి, పాలపళ్ళ గొర్రెపిల్లను కొన్నది. దాన్ని ఒళ్ళో పెట్టుకునే బస్సెక్కింది.

"ఇంత చిన్నదాన్ని ఎవరు సాకుతారవ్వా?" అన్నాను.

"నేనే. దీని పండ్లు అరిగిందాకా యాడికీ పోను. అందాకా కాసుకోనుండమని మీ తాతకు చెప్పు."

చెప్తున్నాను తాతా. కాసుకో.