కాఫీ బీరువా వెనుక వంపు

విచారణాధికారిణి సోల్వి బ్రెక్కె గారికి, దేవుని యెదుట దోషిగా నిలబడి రాస్తున్నాను.

మీరు బంధించిన ఓడ్‌వార్ నిర్దోషి. తీరరక్షక దళం సందేశాలు మోసే గాజు తీగలో వెలుగు, అది మా ప్రార్థనాలయం లోపలి గుండా పోయే చోట తగ్గిందని మీ యంత్రం పట్టింది. ఎవరో తీగను వంచి, కారిన వెలుగులోంచి సందేశాలు దొంగిలిస్తున్నారని మీరు అనుకున్నారు. ఆ తీగ వేసినవాడు గనుక అతణ్ణి పట్టుకున్నారు.

వంచింది నేను. మిషను కోసం చందా పోగుచేసే సంతకు బల్లలు సర్దుతూ, అడ్డంగా వేలాడుతోందని దాన్ని కాఫీ బీరువా వెనుక మేకుకు బిగించి చుట్టాను. తీగ వేసిన రోజే ఓడ్‌వార్ హెచ్చరించాడు: "పెద్దాయనా, దీన్ని మెలిపెట్టకు. వెలుగు కారిపోతుంది."

"దేవుడి వెలుగు కారదులే, నీ పని చూసుకో" అన్నాను.

ఆ హెచ్చరికనూ నేను చేసిన పనినీ మరిచి, మొన్న ఆదివారం వేదిక మీదినుంచి అతణ్ణి ప్రభువును డబ్బుకు అమ్మిన ఇస్కరియోతు యూదా అన్నాను. అతని భార్య తోర్‌దిస్ లేచి, "ముప్పై వెండి నాణేలు ఎక్కడ దాచాడో కూడా చెప్పు బోధకుడా, మా పడవకి ఇంజను కొనుక్కుంటాం" అంది. ఎవరూ నవ్వలేదు. అప్పటినుంచి ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు.

నిన్న కప్పులు తీస్తుంటే ఆ మేకు కనబడింది. బైబిల్లో ఆకాను తన గుడారంలో పాతిపెట్టిన దొంగసొత్తు బయటపడినట్టు నా తప్పు బయటపడింది.

అది చూశాక తీగను నేను ముట్టలేదు, వచ్చి కొలవండి. శుక్రవారం పడవలో అతణ్ణి పెద్ద జైలుకు పంపకండి, మీ కాళ్లు పట్టుకుంటాను. బదులుగా నన్ను తీసుకుపోండి.

ఈ సంగతి చెప్పాలని తోర్‌దిస్ గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి, తలుపు తట్టకుండానే తిరిగి వచ్చాను. అందుకే ఈ ఉత్తరం ఆమె చేతికే ఇచ్చి పంపుతున్నాను. కవరు అంటించలేదు.