స్టార్టర్ డబ్బాకు చుట్టిన తీగ

మల్దకల్, మంగళవారం రాత్రి

బావను పొలంల వాటా అడిగిన వాళ్ల చిన్నాయన షాక్ కొట్టి సచ్చిన బోరు కాడికి ఇయ్యాల రిపేరుకు పోయిన. కరెంటు తీగను కావాలనే స్టార్టర్ డబ్బా ఇనుముకు చుట్టిండ్రు. నా చెయ్యి అలవాటు పాడుగాను! ఆలోచించకముందే ఊడబీకిన. ఉన్న ఒక్క సాక్ష్యం గట్ల పాయె.

ఎనక నిలబడ్డ బావ నవ్విండు. "మంచిగ చేసినవ్ బామ్మర్ది. మీ అక్క మా ఇంట్ల, మా చెల్లె మీ ఇంట్ల. కుండమార్పిడి పెండ్లిళ్లు, యాదుంచుకో."

సచ్చినాయన పెండ్లాం, చిన్నత్త, వచ్చి అడిగింది. "ఏం తప్పు జరిగింది బిడ్డా?"

"తడి చేతులతోని ముట్టిండత్తా" అన్న. థూ, నా నోరు!

"అన్నం తిని చెయ్యి కడిగిండు. తుడుసుకోనీకి తువ్వాల నేనే ఇయ్యలే" అని నెత్తి కొట్టుకుంది.

ఆమెను బావే ఓదార్చిండు. నేను స్టార్టర్ బిగించిన.