ఫ్రాన్సు నుంచి ఒక కుండ

1893 డిసెంబరు 18, సోమవారం

ఈ రోజు మూడో ఫారం వాళ్లకి బాల్కన్ దేశాలు చెప్పాను. సెర్వియా, రుమానియా, బల్గేరియా, మాంటినీగ్రో, టర్కీ. పద్దెనిమిదేళ్లుగా ఇదే మ్యాపు, ఇదే బెత్తం కొస. బెల్‌గ్రేడ్ నుంచి కాన్‌స్టాంటినోపుల్ దాకా ఎన్ని బోర్డర్లు దాటాలో కళ్లు మూసుకుని చెప్పగలను. నేను దాటిన బోర్డరు మాత్రం ఒక్కటీ లేదు. రాజమండ్రికి అటు సామర్లకోట, ఇటు ఏలూరు, అంతవరకే నా ప్రపంచం.

మ్యాపు అంచు చిరిగితే గంజి పెట్టి అంటిద్దామని ఇంటికి తెచ్చాను. రూతు దాన్ని చూసి, ఈ పచ్చ దేశం అయిపోయి ఆ గులాబీ దేశం మొదలయ్యే చోట నేల ఎలా ఉంటుందండి అని అడిగింది. గీత ఉంటుందా, కంచె ఉంటుందా, మనిషి నిలబడతాడా అని. తెలియదని భార్య దగ్గర ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. స్కూల్లో పని ఉందని చెప్పి బయటికి వచ్చేశాను.

డిసెంబరు 19. ఉదయం నాలుగున్నర

యానాం. యానాం ఫ్రెంచివాళ్లది. అంటే ఫ్రాన్సు. మూడు రోజుల పడవ ప్రయాణంలో ఫ్రాన్సు పెట్టుకుని నేను పద్దెనిమిదేళ్లు బెత్తంతో గోడ పొడిచాను.

డిసెంబరు 20

క్రిస్మస్ సెలవుల్లో వెళ్తున్నాం. ప్రోగ్రాం రాసేశాను. బాల్కన్ టూరు మొత్తం మన కాలువ మీదే. ధవళేశ్వరం బెల్‌గ్రేడ్, రామచంద్రపురం సోఫియా, ద్రాక్షారామం ఏడ్రియనోపుల్, యానాం కాన్‌స్టాంటినోపుల్. మాకు పిల్లలు లేరు, ఇద్దరమే, బయల్దేరడం తేలిక.

రూతు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. యానాం దాకా వెళ్తే వస్తానండి, మధ్యలో తిరిగొచ్చేట్టయితే రాను అంది. ఎందుకో నాకు తెలుసు. రూతు పుట్టింది అక్కడే, చేపలు పట్టేవాళ్ల ఇంట్లో. మేనత్త వెంట పన్నెండేళ్లప్పుడు రాజమండ్రి వచ్చి మిషన్ బోర్డింగులో చేరింది. పదిహేడో ఏట బాప్తిస్మం తీసుకుంది. ఆ కబురు విని అక్క లోవమ్మగారు, ఇక నా గడప తొక్కొద్దని చెప్పి పంపించారు. పదహారేళ్లయింది. అమ్మానాన్నలు పోయినప్పుడు కూడా కబురు రాలేదు. రూతుకి ఆ ఇంటివాళ్లంటూ మిగిలింది ఆ అక్క ఒక్కత్తే.

అక్క లోపలికి రమ్మంటుందా అని రూతు నన్నడిగింది. రమ్మంటారులే అన్నాను, మ్యాపు అంటిస్తూ.

డిసెంబరు 22

పడవ కుదిరింది. పల్లంరాజుది. యానాం మనిషి. ఏటా శీతాకాలం ఎండుచేపలు ఎక్కించుకొచ్చి మన రేవులో అమ్మి ఖాళీగా వెళ్తాడు. మా ఇంటికి మాత్రం కొన్నదానికి మించిన కొసరు ఒక మూట ప్రతి ఏడూ ఇస్తాడు. మాస్టారంటే అతనికి అంత గౌరవం. క్లాసుల్లో కూడా ఉదాహరణగా చెబుతుంటాను.

పాస్‌పోర్టు ఏమైనా కావాలా అని అడిగితే, గొడుగు తెచ్చుకోండి చాలు మాస్టారూ అన్నాడు.

డిసెంబరు 27, బుధవారం. పొద్దున ఏడు

పడవ కదిలింది. నల్లకోటు వేసుకున్నాను. పడవంతా చేపల వాసన. ఫర్వాలేదు.

అదే రోజు, మధ్యాహ్నం. బెల్‌గ్రేడ్

ధవళేశ్వరం లాకులో దిగాం. వెనక తలుపులు మూసి ముందు వైపు నుంచి నీళ్లు వదిలితే పడవ పడవంతా నూతిలోకి దిగినట్టు దిగింది. రూతు పడవ అంచు పట్టుకుని కళ్లు మూసుకుంది. అందరికీ లాకు ఎలా పని చేస్తుందో వివరించాను. పల్లంరాజు చేతులు కట్టుకుని విన్నాడు. ఈ లాకు ఎన్నిసార్లు దాటావు అని తర్వాత అడిగితే, లెక్కపెట్టలేదండి, నాలుగైదు వందలు ఉంటాయేమో అన్నాడు.

డిసెంబరు 28

పొద్దున్నే పల్లంరాజు లేపి, సోఫియా వచ్చిందండి, వంటకి ఇక్కడ ఆపమంటారా అని అడిగాడు. గట్టు మీద తాడు లాగే ఇద్దరూ కూడా సోఫియా అనే అంటున్నారు. నా జన్మ ధన్యమైంది. సోఫియాలో వంకాయలు బాగున్నాయి.

డిసెంబరు 29. ఏడ్రియనోపుల్

ద్రాక్షారామం గోపురం కాలువ మీద నుంచే కనిపించింది. ఇక్కడ ఒకప్పుడు డచ్చివాళ్లు బట్టల వ్యాపారం చేశారట. గుడి లోపలికి వెళ్లేవాళ్లం కాదు కాబట్టి ప్రాకారం చుట్టూ తిరిగాం. నేను రాతి పని గురించి చెబుతున్నాను. రూతు వినడం లేదు. చిన్నప్పుడు శివరాత్రికి అమ్మతో వచ్చారట. ఆ జనంలో తను తప్పిపోకుండా అక్క తన జడ పట్టుకుని నడిచిందట, తిరిగి పడవ ఎక్కేదాకా వదల్లేదట. నెప్పి పెట్టిందండి అని చెప్పి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను రాతి పని ఆపేశాను.

డిసెంబరు 30, శనివారం. పది గంటలు

ఇంజరం దాటాం. ఇంగ్లీషు కంపెనీ వాళ్ల పాత కొట్టు ఇక్కడే ఉండేదట, ఇప్పుడు మొండిగోడలు. బోర్డరు ఏ క్షణమైనా రావచ్చు. వచ్చిన క్షణం వచ్చినట్టు రాద్దామని డైరీ తెరిచి కూర్చున్నాను. గట్టు మీద ఒక గుడిసె. ఎడమ వైపు తాటిచెట్లు. కుడి వైపు బాతులు. ఇంకా రాలేదు.

పదిన్నర

ఇంకా రాలేదా అని అడిగాను. దాటి పావుగంటయిందండి, మీరు రాసుకుంటున్నారని పలకరించలేదు అన్నాడు పల్లంరాజు.

సాయంత్రం

వెనక్కి తీసుకెళ్లమన్నాను. తీసుకెళ్లాడు, పాపం. గట్టు మీద నడుము ఎత్తు రాయి ఒకటి ఉంది. అంతే. రాయికి అటూ ఇటూ ఒకే గడ్డి, ఒకే మేక మేస్తోంది. నేను ఒక కాలు విక్టోరియా రాణిగారి రాజ్యంలో, ఒక కాలు ఫ్రెంచి రిపబ్లిక్‌లో పెట్టి నిలబడ్డాను. రూతు నవ్వి నవ్వి గట్టు మీద కూర్చుండిపోయింది. ఇలా నవ్వి ఎన్నేళ్లయిందో.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, అదొక్కటే లోటు. గుడిసెలో మన వైపు ఉప్పు జవాను ఉన్నాడు కానీ అతనికి అటు నుంచి వచ్చేవాళ్లతోనే పని. యానాంలో ఉప్పు మీద మన పన్ను లేదు కదా, ఆ ఉప్పు గానీ ఆ ఉప్పు వేసిన సరుకు గానీ ఇటు రాకూడదు. తిరిగొచ్చేటప్పుడు అడుగుతాడు లెండి అని పల్లంరాజు ఓదార్చాడు.

కాన్‌స్టాంటినోపుల్ అద్భుతంగా ఉంది. మూడు రంగుల జెండా, ఎర్రటోపీ పోలీసులు, వీధుల పేర్లు ఫ్రెంచిలో. ఎదురొచ్చిన ఒకాయనకి బొంజూర్ అన్నాను. భోజనం అయిందండి, మీదయిందా అన్నాడాయన. ఇక్కడ మగవాళ్లందరికీ ఓటుందట. పల్లంరాజు చీటీ వేశాడట. ఇంగ్లీషు రాజ్యంలో జాగ్రఫీ చెప్పే నేను చీటీ ఎలా ఉంటుందో కూడా చూడలేదు.

రూతు ఒక్కర్తే అక్క ఇంటికి వెళ్లింది. లోవమ్మగారు తలుపు వేసుకున్నారు.

డిసెంబరు 31, ఆదివారం

పొద్దున్నే రూతు మళ్లీ వెళ్లింది. నేను కాస్త దూరంగా నిలబడ్డాను. ఇంటి ముందు ఇసుకలో లోవమ్మగారు ముందు రోజు పడ్డ మాగ చేపలు చీలుస్తున్నారు. సన్నటి మనిషి, నుదురు అచ్చం రూతుదే. తల ఎత్తలేదు. రూతు పలకరించలేదు. ఎదురుగా కూర్చుని, పక్కనున్న కత్తి తీసుకుని, తనూ ఒక చేప అందుకుంది. వీపు వైపు నుంచి చీల్చి, తోక దగ్గర చిన్న గాటు పెట్టి, ఉప్పు పూసి కుండలో వేసింది. ఆదివారం పని చేయకూడదు.

అలా ఎండెక్కేదాకా ఒక్క మాట లేకుండా ఇద్దరూ చేపలు కోశారు. రూతు జడ ముందుకు జారి చేపల మీద పడుతోంది. చేతులకి రక్తం, వెనక్కి వేసుకోలేదు. లోవమ్మగారు కాసేపు చూశారు. తర్వాత మోచేత్తో ఆ జడని ఎత్తి వెనక్కి నెట్టారు.

ఆ గాటు అమ్మ పెట్టేది, నీకింకా గుర్తుందే తలుపులూ, అన్నారు.

రూతు అసలు పేరు తలుపులమ్మ. ఇన్నేళ్లలో ఆ పేరు ఎవరైనా పిలవగా నేను వినలేదు. రూతు ఏడుస్తూ ఇంకో చేప అందుకుంది.

మధ్యాహ్నం లోవమ్మగారు లేచి లోపలికి వెళ్లారు. రూతు గడప ఇవతలే నిలబడింది. లోపలికి రా అని ఆవిడ అనలేదు. అన్నం చల్లారిపోతోంది అన్నారు. అంతే. రూతు గడప దాటింది. మరిదిగారిని కూడా కేకెయ్యి అని వినబడింది. నేను పిలవకముందే సగం దూరం వచ్చేశాను.

1894 జనవరి 1

కొత్త సంవత్సరం ఫ్రాన్సులో. జెండా వందనం చూశాను. రూతు చూడలేదు, అక్క ఇంట్లో తల దువ్వించుకుంటోంది.

సాయంత్రం వదినగారు మూతికి గుడ్డ కట్టిన కుండ ఒకటి ఇచ్చారు. నిన్న కోసిన మాగ చేపలు. ఈ ఏటి నీ వాటా అన్నారు. వీళ్ల ఇళ్లలో ఆడపడుచు వాటా అని ఒకటుందట. శీతాకాలం వేటలో మొదట పడ్డదాంట్లో బయట కాపురం చేసే ఆడపిల్లకి ఒక పాలు తీసి ఉంచుతారు. ఆ పాలు ఆ ఇంట్లో ఎవరూ తినరు, తింటే వలకి మంచిది కాదట. మరి ఈ పదహారేళ్ల వాటాలూ ఏమయ్యాయో. అడగడానికి మొహమాటమేసింది.

జనవరి 2. మధ్యాహ్నం

రాయాలంటే సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

రాయి దగ్గరికి వచ్చాం. ఉప్పు జవాను గుడిసె నీడలో చుట్ట కాల్చుకుంటున్నాడు. పల్లంరాజుని చూసి, కదలకుండానే వెళ్లమని చెయ్యి ఊపాడు. పడవ సాగిపోతోంది. అప్పుడు నాకు తిక్క రేగింది. పద్దెనిమిదేళ్లు ఎదురుచూసి, ఇన్నిసార్లు బోర్డరు దాటి, ఒక్క ప్రశ్న కూడా పడకుండా ఇంటికి పోవాలా? నేను లేచి నిలబడి, కోటు సర్దుకుని, జవానుగారూ, మేము ఫ్రాన్సు నుంచి వస్తున్నాం, మా దగ్గర ఉప్పుచేపల కుండ ఒకటుంది అని గట్టిగా చెప్పాను.

పల్లంరాజు తాడు వదిలేశాడు. జవాను కూడా నా వైపు జాలిగా చూశాడు. నలుగురు విన్నాక నేనేం చెయ్యనండి మాస్టారూ అన్నాడు. లేచి వచ్చి కుండ తీసుకున్నాడు, గుడ్డ విప్పాడు, కాలువలో వంచాడు. ఒక్కొక్క చేపా వీపు తెరుచుకుని నీళ్లలో పడింది. అన్నిటికీ తోక దగ్గర గాటు.

నేను అబద్ధం ఆడలేదు కదా అని మనసుకి చెప్పుకున్నాను. నిన్నెవరు అడిగారు అంది మనసు.

రూతు ఖాళీ కుండ తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

జనవరి 3

రూతు మాట్లాడటం లేదు.

జనవరి 4. సోఫియా

రామచంద్రపురం అని రాయాలి. ఎవరూ సోఫియా అనడం లేదు.

పల్లంరాజుని పక్కకి పిలిచి, వదినగారికి ఈ సంగతి చెప్పవద్దని బతిమాలాను. చెప్పకపోతే ఎలాగండి, ఏటా ఇచ్చావా అని అడుగుతుంది కదా అన్నాడు. ఏటా ఏమిటి అన్నాను. అప్పుడు చెప్పాడు. పదహారేళ్లుగా వదినగారు ఆ వాటా అతని పడవలో వేస్తున్నారట. ఎవరికివ్వాలో ఒక్కసారీ చెప్పలేదట. రాజమండ్రిలో ఎవరికైనా ఇచ్చెయ్యి అనేవారట. అతను తెచ్చి మా ఇంట్లో కొసరుగా ఇచ్చాడు. జవాను అడగలేదు, అతను చెప్పలేదు.

మాస్టారని గౌరవం. క్లాసుల్లో ఉదాహరణ.

రూతు దగ్గరికి వెళ్లి, నీకు తెలుసా అన్నాను. రెండు రోజుల తర్వాత నోరు విప్పింది. మొదటి ఏడాదే తెలుసండి, తోక దగ్గర గాటు చూశాను అంది. మీరు అంత మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు అంది. నేను క్షమించమన్నాను. పెళ్లయ్యాక ఆ మాట అనడం ఇదే మొదలు. నాకు కోపం మీ మీద కాదండి, ఇన్నేళ్లకి పేరు పెట్టి చేతికిచ్చింది, దాన్ని నేను తినలేదు అనుకుంటుంది అక్క, అంది.

జనవరి 9

స్కూలు తెరిచారు. బాల్కన్ దేశాలు మళ్లీ చెప్పాను. బోర్డరు దగ్గర ఏముంటుంది సార్ అని అడిగారు. ఒక రాయి, ఒక మేక, నోరు మూసుకోవాల్సిన మనిషి ఒకడు అని చెప్పాను. రాసుకున్నారు.

జనవరి 24. పొద్దున ఎనిమిది

పల్లంరాజు పడవ వచ్చింది. కొసరు లేదండి అన్నాడు. ఉప్పు తగలని వాటా అయితే ఎవరూ పారబొయ్యరు కదా అని ఈసారి బతికున్న కొర్రమీనులట. కుండలో గంట గంటకీ నీళ్లు మార్చాలట, ఆ పని పడవవాళ్ల మీద వదిలేసే మనిషి కాదట ఆవిడ.

వదినగారు కుండ చంకన పెట్టుకుని మా గడప బయట నిలబడి ఉన్నారు. గోడ మీద సిలువ వైపు చూస్తున్నారు. నేను నోరు తెరవలేదు.

లోపల నుంచి రూతు, అన్నం చల్లారిపోతోంది అంటోంది.