మూస్ కన్ను

4 నవంబర్ 1948, మదనపల్లె

లోపలికి పోయాను! క్షయ ఆస్పత్రి పిల్లల వార్డు గోడల మీద జంతువుల బొమ్మలు వేయమని డాక్టర్ దొరసాని పిలిపించింది. డ్రాయింగ్ మాస్టరు ఉద్యోగం ఇన్నాళ్ళకు ఒక పనికి వచ్చింది. విజిటర్లకు వరండా కిటికీ వరకే పర్మిషన్. నా కూతురు విమల మంచం ఆ కిటికీ గోడకే ఆనుకుని ఉంది, బయటినుంచి ఎదుటి గోడ తప్ప ఏమీ కనపడదు. ఇవాళ దాని పక్కనే నిలబడ్డాను. ముట్టుకోనివ్వలేదు. బాగా చిక్కిపోయింది.

9 నవంబర్

ఏనుగు, నెమలి, కోతి అయిపోయాయి. ఇక కిటికీకి ఎదుటి గోడ మీద మూస్. దొరసాని సొంత దేశపు దుప్పిలాంటి జంతువట. కేలండర్ కాగితం ఇచ్చింది. గాడిద మొహం, గడ్డం కింద సంచి, అరచేతుల్లాంటి కొమ్ములు. దేవుడు ఏ మూడ్‌లో చేశాడో.

ఇది పూర్తయితే మళ్ళీ కిటికీ బయటే. అందుకని మెల్లగా గీస్తున్నాను.

11 నవంబర్

తప్పు చేశాను, మంచి తప్పు. కేలండర్లో ఎత్తు తెలియక మా పొట్టి పుంగనూరు ఆవంత వేశాను. దొరసాని నవ్వు ఆపుకోలేకపోయింది. మూస్ భుజమే మనిషి తలకంటే ఎత్తట. సున్నం కొట్టి మొత్తం మళ్ళీ వేయమంది. మొహం చిన్నబుచ్చుకున్నట్టు పెట్టాను గానీ లోపల ఎగిరి గంతేశాను. సున్నం ఆరాలి కదా! ఇంటికొచ్చి నా భార్య యేసమ్మకు చెబితే, ఆయమ్మ నోట్లో సక్కెర పొయ్యాల అంది.

15 నవంబర్, సాయంత్రం

విమలకు టెంపరేచర్ దిగడం లేదు. నర్సు పుష్పమ్మను అడిగితే మాట మార్చింది. ఏం తోచక మూస్ కొమ్ముకు ఇంకో పాయ గీశాను.

18 నవంబర్

పుష్పమ్మకు అనుమానం వచ్చింది. ఏంది అయ్యవారూ, దినామూ కొత్త కొమ్ములు మొలస్తాండాయి, ఇది మృగమా సింతసెట్టా అంది. తరవాత తలుపు వైపు చూసి, నాకూ బిడ్డలుండారు, నేను సెప్పనులే అంది. నాకు ఏడుపొచ్చింది.

మిగిలింది కన్నే. మా తాత కుప్పం దిక్కున తోలుబొమ్మలు గీసేవాడు. కన్ను ఎప్పుడూ చివరనే. కన్ను పెట్టినాక బొమ్మకు ప్రాణమొచ్చినట్టే, ఇంక దాని మీద కుంచె పెట్టకూడదు అనేవాడు. మేం క్రీస్తును నమ్మినవాళ్ళం, ఇవన్నీ పట్టించుకోకూడదు. కానీ చెయ్యి వినదు. పైగా కన్ను పెట్టనంత వరకు పని అయినట్టు కాదు.

21 నవంబర్, ఆదివారం

ఎప్పటికి అవుతుందని దొరసాని అడిగింది. రంగు కుదరలేదని అబద్ధమాడాను. చర్చి నుంచి నేరుగా పోయి!

23 నవంబర్

కన్ను లేని దాన్ని చూసి పిల్లలు జడుసుకుంటున్నారట. విమల కూడా. దీపాలార్పితే అంత పెద్దది గోడ మీద ఉంటాది, అది నన్ను సూడకుంటే భయమేస్తాంది నాయనా అంది. కన్ను పెట్టు, అప్పుడు నాకు కాపలా ఉంటాది అంది. మాట్లాడుతూనే దగ్గింది. తువ్వాలు మీద ఎర్రగా. పుష్పమ్మ నన్ను బయటికి పంపేసింది.

కన్ను పెడితే నేను లోపలికి పోలేను. పెట్టకపోతే విమల నిద్రపోదు. యేసమ్మకు అంతా చెప్పేశాను. నీ ఆశ కోసరం బిడ్డను జడిపిస్తావా అని ఏడ్చింది.

24 నవంబర్

పెట్టాను.

కేలండర్లో మూస్ చెరువు వైపు చూస్తుంది. నాది విమల మంచం వైపు చూస్తుంది. విమల నవ్వింది. కుంచెలు కడుక్కుని, డబ్బాలు సర్దుకున్నాను. దొరసాని థాంక్స్ చెబుతూ తలుపు దాకా వచ్చింది.

26 నవంబర్, పొద్దున, వరండాలో

కిటికీలోంచి మంచం కనపడదు. మూస్ కన్ను కనపడుతోంది. దాన్నే అడిగాను, రాత్రి విమల నిద్రపోయిందా అని.