కోళ్లగూడు మీద గాడిద బొమ్మ

పైన్ హాలో, విస్కాన్సిన్
మే నెల, ఆపిల్ పూత రోజులు

కాబోయే బావగారు ఎల్డన్ హాగ్‌స్ట్రమ్ గారికి,

నార్బర్ట్ జాండర్ బోలెడు నమస్కారాలతో రాసేది. మనం ఇంకా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు గానీ నిన్న సాయంత్రం నుంచీ మీరు నాకు సొంత బావగారే. మా కొలీన్ ఫోన్ చేసి, "నాన్నా, నేనూ కర్టిసూ పెళ్లి చేసుకుంటున్నాం" అంది. కాఫీ కప్పు సింకులో పెట్టబోయి చెత్తబుట్టలో పెట్టాను. మా ఆవిడ డొలోరెస్ ఏడుస్తూ నవ్వింది, నేను నవ్వుతూ ఏడ్చాను. పెళ్లి మాటెత్తితే చాలు, కుక్కని తీసుకుని షికారుకి పోయే పిల్ల బావగారూ! నలభై దాటింది. నేనింక ఆశ వదులుకున్నాను. నేను పాల ట్యాంకరు నడిపి రిటైరైనవాణ్ణి, చదువు అంతంతే. నాకు మాటలు రావు. వస్తే ఆగవు.

పెళ్లి సెప్టెంబరులో, మా పెరట్లోనే. ఆపిల్ చెట్ల వరసల మధ్య నుంచి దాని చెయ్యి పట్టుకుని నడిపించుకు రావాలని నా కోరిక. అదొక్కటి జరిగితే నాకింకేం అక్కర్లేదు.

అయితే పిల్లలు పెట్టిన షరతు మీకూ చెప్పే ఉంటారు. "మీరిద్దరూ రాజకీయం ఎత్తారో, పెళ్లి కోర్టు గదిలో గుమాస్తా ముందు చేసుకుంటాం. మీకు ఫోటో పోస్టులో వస్తుంది" అంది కొలీన్. నవంబరులో ఎన్నికలాయె, దాని భయం దానిది. కాబట్టి మీది రిపబ్లికన్ల ఏనుగు పార్టీయో, డెమోక్రాట్ల గాడిద పార్టీయో నేను అడగను. అడగడం లేదని మీకు తెలియాలని ఈ మాట రాస్తున్నాను.

పిల్లలిద్దరూ మొన్న మా కోళ్లకి గింజలు చల్లుతున్న ఫోటో ఒకటి పెట్టాను. మీవాడు ఎంత ఎత్తున్నాడో చూడండి, గూటి కప్పు దాటిపోయాడు.

ఆనందంతో అక్షరాలు వంకర్లు పోతున్న మీ బావ,
నార్బర్ట్

తా.క. మీ మిన్నెసోటా వాళ్లంతా మా జట్టుకి బద్ధశత్రువైన ఊదారంగు ఫుట్‌బాల్ జట్టు భక్తులని విన్నాను. దాన్ని ఇప్పటికే క్షమించేశాను.

*

ఎల్మ్ ఫాల్స్, మిన్నెసోటా
మే నెలాఖరు

నార్బర్ట్ బావగారికి,

ఎల్డన్ నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. మేము కులాసా. ఇక్కడ మనుషులం తక్కువ మాట్లాడతాం, తప్పుగా అనుకోవద్దు. సంతోషం మాకూ ఉంది. నా భార్య వెర్నా రెండు రోజులుగా గిన్నెలు కడుగుతూ పాటలు పాడుతోంది. ఇంతకుముందు ఎప్పుడూ పాడలేదు.

ఫోటో బావుంది. కోళ్లగూడు కూడా చూశాను. కప్పు నిండా గాడిద బొమ్మ ఎన్నికల బోర్డులు, వరసగా మేకులు కొట్టి. పరవాలేదు. మనిషి మంచివాడైతే చాలు. అసలు ఈ మధ్య నాకూ అనిపిస్తోంది, ఎక్కువ సంపాదించేవాడు ఇంకొంచెం పన్ను కడితే కొంపేమీ మునగదని. ఇది రాజకీయం కాదు. ఊరికే లెక్కల సంగతి.

ఇట్లు,
మీ ఎల్డన్

తా.క. మా ఫోటో కూడా పెడుతున్నాను. పక్కనున్నది విద్యుత్ కారు. చప్పుడు చెయ్యదు, అచ్చం మాలాగే.

*

పైన్ హాలో
జూన్ మొదటి వారం

చెట్టంత మనసున్న ఎల్డన్ బావగారికి,

మీ కారు ఎంత ముద్దుగా ఉంది! పెట్రోలు అక్కర్లేదు, పొగ లేదు. చూడగానే డొలోరెస్‌తో అన్నాను, "ఇదే, ఇదే భవిష్యత్తు" అని. డొలోరెస్ నా నుదురు పట్టుకుని జ్వరం చూసింది.

పన్ను గురించి మీరు రాసింది నా మనసులో మాటే. అంతేకాదు బావగారూ, రోగం వస్తే వైద్యం కూడా అందరికీ ప్రభుత్వమే చూడాలంటాను. తుపాకీ కొనేవాణ్ణి నాలుగు ప్రశ్నలడిగితే తప్పేమిటంటాను. నా దగ్గరా ఒక తుపాకీ ఉంది గానీ, దానిమీద డొలోరెస్ తడి గుడ్డలు ఆరేస్తుంది. మా పక్క పొలంలో పేద్ద గాలిమరలు పాతుతున్నారు. ఊళ్లో అందరూ తిడుతుంటే నేనొక్కణ్ణే పొద్దున్నే వాటికి చెయ్యి ఊపుతున్నాను. ఇదీ రాజకీయం కాదు. గాలి సంగతి.

పెళ్లి విందుకి మీలాంటివారికి నచ్చుతాయని మాంసం లేని సోయా సాసేజీలు కూడా చెప్పాను. మాంసం కొట్టువాడు, "ఎవరైనా చచ్చిపోయారా?" అని అడిగాడు. మీకోసం నేను అదీ పడ్డాను.

మీ అదృష్టానికి నా అదృష్టం తోడైన,
నార్బర్ట్

తా.క. సాసేజీ ఒకటి ముందుగా రుచి చూశాను. కుక్కకి ఇచ్చాను. కుక్క తీసుకెళ్లి పాతిపెట్టింది.

*

ఎల్మ్ ఫాల్స్
జూన్ నడిమధ్య

నార్బర్ట్ బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఇంత దూరం వెళ్లినవారని అనుకోలేదు. సరే, నేనూ వెనకబడను.

చదువుకోసం అప్పుచేసిన పిల్లల అప్పులు మాఫీ చెయ్యాలి. మొన్న పొద్దున మా ఊరి కాఫీ హోటల్లో మిత్రుల దగ్గర ఈ మాట పైకి అన్నాను. నేను మేకులూ గొళ్లేలూ అమ్మే కొట్టు పెట్టిన నాటినుంచీ అదే బల్ల దగ్గర కూర్చుంటున్నాను. మర్నాడు వెళ్లేసరికి నా కుర్చీ కిటికీ పక్కన వేరే బల్ల దగ్గర ఉంది. దాని మీద నా కప్పు కూడా పెట్టారు. మా ఊళ్లో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు.

మంచి జరిగింది కూడా ఒకటుంది. కాఫీ పోసే లిండా ఆ కిటికీ దగ్గరికి వచ్చి, కూతురు టీచరు ఉద్యోగం చేస్తూ ఇంకా కాలేజీ అప్పు ఎలా కడుతోందో చెప్పుకుంది. ఇన్నేళ్లలో ఆమెకి కూతురుందనే నాకు తెలియదు.

మా ఇంటి ముందు గడ్డిలో గాడిద బోర్డు పాతాను. కర్టిస్ వచ్చినప్పుడు మాత్రం పీకి దాచేస్తాను.

ఇట్లు,
కిటికీ పక్క ఎల్డన్

తా.క. వెర్నా నా గురించి పాస్టరుగారితో మాట్లాడింది. ఆయన వచ్చి బోర్డు చూసి, చాలాసేపు ప్రార్థన చేసి వెళ్లారు.

*

పైన్ హాలో
జూన్ ఆఖరు

త్యాగమూర్తి ఎల్డన్ బావగారికి,

బోర్డు పాతారా! నా కళ్లు చెమర్చాయి. మీరు పాతాక నేను పాతకుండా ఉంటే నేనేం బావని? వెంటనే ట్రక్కేసుకుని గాడిద పార్టీ ఆఫీసుకి వెళ్లాను. పాపం, అక్కడ ముగ్గురు ఆడవాళ్లూ ఒక ఫ్యానూ ఉన్నారు. నా వయసు మగవాడు తనంతట తాను లోపలికి రావడం చూసి ముగ్గురూ లేచి నిలబడ్డారు. కేకు పెట్టారు. బోర్డు ఇచ్చారు. ఫోన్ కూడా చేతికిచ్చారు. మెడలో డోలు పడ్డాక వాయించక తప్పుతుందా? ఇప్పుడు గురువారం గురువారం కూర్చుని ఓటర్లకి ఫోన్లు చేస్తున్నాను.

ఒక ముసలావిడ మందుల ధర భరించలేక మాత్ర సగానికి విరిచి మింగుతోందట. ఇంకో పాడిరైతు, కూలిరేటు ప్రభుత్వం పెంచితే ఉన్న ఒక్క పనివాణ్ణీ పంపెయ్యాల్సిందే అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు బావగారూ. అదే వచ్చిన చిక్కు. ఇదివరకు నాకు ఇలాంటి చిక్కులుండేవి కావు.

అసలు గొడవ వేరే ఉంది. మా బావమరిది అర్విన్ ముఖం చాటేశాడు. పెళ్లికి మాట్లాడుకున్న పోల్కా పాటల బ్యాండు వాళ్లు, "గాడిద ఇంట్లో మేం వాయించం" అన్నారు. పెళ్లి చూస్తే ముంచుకొస్తోంది. అయినా మీకోసం నేను దేనికైనా సిద్ధమే. కొలీన్‌కి మాత్రం ఇవేవీ తెలియనివ్వకండి.

మీ సాటి యోధుడు,
నార్బర్ట్

తా.క. వరసలో వచ్చిన నంబరుకి ఫోన్ చేసి గాడిద పార్టీకి ఓటెయ్యమని బతిమాలాను. అర్విన్ అది. గొంతు గుర్తుపట్టి, "బావా, నిన్ను ఎవరైనా బంధించారా? అయితే ఒకసారి దగ్గు" అన్నాడు.

*

ఎల్మ్ ఫాల్స్
జూలై, ఊరేగింపు అయిన మూడోనాడు

నార్బర్ట్ బావగారికి,

ఇంత పొడుగు ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు.

జూలై నాలుగు స్వాతంత్ర్య దినం ఊరేగింపులో గాడిద పార్టీ వాళ్లు నన్ను ముందుండమన్నారు. మీరు ఫోన్లు చేస్తున్నారని చదివాక కాదనలేకపోయాను. తీరా వెళితే నిజం గాడిదని తెచ్చారు. ఎక్కించారు. పిల్లలకి చాక్లెట్లు విసరమన్నారు. నా పాత కాఫీ బల్ల మిత్రులు రోడ్డు పక్క కుర్చీలేసుకుని చూశారు. ఒకడు టోపీ తీశాడు, శవయాత్రకి తీసినట్టు.

ఆ ఫోటో పేపరులో మొదటి పేజీలో వచ్చింది. కర్టిస్ చూశాడు. మీ ఇంటి ముందు బోర్డు సంగతి కూడా ఎవరో చెప్పారట. "నాన్నా, షరతు షరతే. కోర్టులో పెళ్లికి తేదీ అడుగుతున్నాం" అన్నాడు. వెర్నా పాటలు ఆపేసింది.

బావగారూ, ఇక దాచి లాభం లేదు. నేను గాడిద పార్టీవాణ్ణి కాను. ఓటు వచ్చినప్పటినుంచీ ఏనుగుకే వేశాను. ఆ విద్యుత్ కారు మా చెల్లెలిది, నా ట్రక్కు బాగుకి పోయిన రోజు ఫోటో అది. మీ కోళ్లగూడు కప్పు చూసి, మీ మనసు నొచ్చుకోకూడదని ఇదంతా చేశాను. మీరు అంత నమ్మకంతో పనిచేస్తుంటే నేను అబద్ధమాడాను. నన్ను ఎన్ని తిట్టినా పడతాను. పిల్లలతో మాత్రం ఒక్క మాట చెప్పండి. కొడుకు పెళ్లి పోస్టులో చూడాలని నాకు లేదు.

తలవంచుకున్న,
ఎల్డన్

తా.క. గాడిద మాత్రం మంచిది. దాన్ని ఏమీ అనకండి.

*

పైన్ హాలో
జూలై, మీ ఉత్తరం వచ్చిన పూటే

నా ఏనుగు బావగారూ, నా బంగారు బావగారూ!

మీ ఉత్తరం పోస్టు డబ్బా దగ్గరే చదివి, అక్కడే గెంతాను. పోస్టు బండి అమ్మాయి భయపడి బండి దూరంగా తీసింది. బావగారూ, నేనూ ఏనుగే! పుట్టు ఏనుగుని! ఎన్నికలవగానే జనం పారేసిన బోర్డులు ఏరుకొచ్చి గూటికి కప్పు వేస్తాను, వానకి చెక్కుచెదరవు. అందులో గాడిద బోర్డులు మాత్రమే ఎందుకున్నాయంటారా? మన ఏనుగు మీద కోడి రెట్ట వేస్తుంటే చూస్తూ ఊరుకుంటానా? విద్యుత్ కారు గాడిద పార్టీవాళ్లే కొంటారనుకుని నేను, నా గూడు చూసి మీరు! మీ మనసు కోసం నేను ఊరితో తగువు పెట్టుకున్నాను, నా మనసు కోసం మీరు గాడిదెక్కారు. ఇలాంటి వియ్యంకుడు భూమ్మీద ఎవడికైనా దొరికాడా?

వెంటనే కొలీన్ దగ్గరికి ట్రక్కులో పరిగెత్తాను. "అమ్మా, కోర్టు వద్దు! మాకసలు గొడవే లేదు, ఇద్దరిదీ ఒకటే పార్టీ!" అని అరిచాను. అది గుమ్మం మెట్టు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది.

"ఆ సంగతి మాకు మొదటినుంచీ తెలుసు నాన్నా. అందుకేగా షరతు పెట్టాం!"

నాకు బుర్ర తిరిగింది.

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆయన కుందేలుకి నాలుగైతే కాసేపు అరుచుకుని ఊరుకుంటారు. ఆయన కుందేలుకీ మూడే! మీరిద్దరూ కలిస్తే, 'చూశారా బావగారూ, మూడే' అంటే, 'అవును బావగారూ, మూడే' అనుకుంటూ పందిరి పీకేదాకా ఆపరు. మా స్నేహితుల్లో సగం మంది గాడిద పార్టీ. నేనూ కర్టిసూ కూడా. మా పెళ్లిలో మేమెక్కడ కూర్చోవాలి?"

టోపీ తీసి చేత్తో తిప్పుతూ నిలబడ్డాను. కోర్టు ఖాయమైపోయిందనే అనుకున్నాను. అప్పుడది నా పక్కకి వచ్చి నిలబడింది.

"కానీ నాన్నా, ఈ వేషం కట్టినప్పటినుంచీ నువ్వు కొత్తగా ఉన్నావు. మొన్న ఫోన్ చేసి, 'మందుల ధర గురించి నువ్వేమంటావమ్మా' అన్నావు. పుట్టి బుద్ధెరిగాక నన్ను నువ్వేమంటావని అడగడం అదే మొదలు. కర్టిస్‌ని కూడా వాళ్ల నాన్న లిండా కూతురి అప్పు గురించి అడిగారట. కోర్టు మాట వెనక్కి తీసుకుంటాం. ఒక్కటే షరతు. పెళ్లిరోజు మీరిద్దరూ ఎవరికీ ఏదీ చెప్పకూడదు. ఏదైనా అడగొచ్చు."

ఒప్పుకున్నాను బావగారూ, మీ తరఫున కూడా. పెళ్లి మా పెరట్లోనే! డొలోరెస్ బల్లగుడ్డలు ఉతుకుతోంది. వెర్నాగారిని పాటలు మొదలుపెట్టమనండి. అర్విన్ వస్తున్నాడు, నేను బందీని కాదని దగ్గకుండా రుజువు చేశాను. బ్యాండు కూడా వస్తోంది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపిల్ చెట్ల మధ్య నడుస్తాను. ఆ రోజు ఏడవకుండా ఉండే మార్గం ఏదైనా తెలిస్తే రాయండి. ఇది నేను మిమ్మల్ని అడుగుతున్నాను, చూశారా, అలవాటవుతోంది.

పట్టరాని సంతోషంతో కాగితం అంచు దాటిపోయిన మీ బావ,
నార్బర్ట్

తా.క. మీకొక్కరికే చెప్తున్నాను. గురువారం ఫోన్ల పని మానలేదు. కేకు కోసమే అనుకోండి. ఆ మాత్రలు విరుచుకునే ముసలావిడ ఎలా ఉందో కనుక్కోవాలని కూడా. నవంబరులో ఓటేసే తెర చాటున ఏం చేస్తానో నాకే తెలియదు. కొలీన్‌కి చెప్పకండి, మరీ సంతోషిస్తుంది.

ఇంకో తా.క. పెళ్లికి ఆ గాడిదని కూడా తీసుకురమ్మని కొలీన్ మరీ మరీ చెప్పింది. మొత్తం అతిథుల్లో అడగకుండా అభిప్రాయం చెప్పనిది అదొక్కటేనట.